మనస్సునకొక చిట్టా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము జరుగునపుడు కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఇట్టి వేదికపై ఉన్మాద వ్యాధిని గూర్చిన మాట ఏల యని కొందరికి తోచవచ్చును. గ్రంథాలయము పుస్తకములను దాచు కొట్టు మాత్రము కాదు. నలుగురిలో నోరెత్తి అడుగుటకు జంకు సంగతులను ఒంటరిగా కూర్చుండి చదివి తెలిసికొనదగిన తావు అది. ఒంటికి జ్వరము తగిలిన యింటికి పదిమంది పోయి పలుకరింతురు. మనస్సునకు జబ్బు చేసిన యింటి వాకిలి మూతపడును. ఆ తలుపు వెనుక నున్నవారికి పనికివచ్చు సంగతి యేదియైన నుండినచో, దానిని చెప్పుటకు ఇంతకంటె తగిన చోటు లేదు.

లోకులు "పిచ్చి" యని ఒక్క మాటతో త్రోసివేయు దానిలో పెక్కు వ్యాధులు కలవు. ఇచట ప్రస్తావించునది వానిలో తీవ్రమైనది. లేని మాటలు చెవికి వినబడును. ఎవరో తనకు కీడు తలపెట్టినారను నమ్మకము పాతుకొనును. తలపుల పొందిక చెదరును. మన వైద్య గ్రంథములు ఉన్మాదమను పేరున చెప్పిన వానిలో ఇదియు ఇమిడియున్నది. పాశ్చాత్యులు దీనిలో ముఖ్యమగు రకమునకు స్కిజోఫ్రీనియా యని పేరిడిరి. ఆ పేరు 1908 లో స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ వాడుకలోనికి తెచ్చినది. 1952 లో పారిస్ నగరమున క్లోర్‌ప్రోమజైను అను మందును ఈ రోగులకిచ్చి గుణము కనుగొనిరి. అప్పటినుండి ఈ వ్యాధి లొంగని వ్యాధి యనుట చెల్లకపోయెను. మందు పడిన రోగులలో పెక్కురు తేరుకొని, పని చేసికొని, సంసారము నడుపుకొనుచున్నారు.

అయినను ఈ వ్యాధికొక దుర్గుణము కలదు. అది తిరగబెట్టును. అమెరికాలో తొలిసారి జబ్బుపడి కోలుకొన్న రోగులను ఐదేండ్లు గమనించి 1999 లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఆ ఐదేండ్లలో నూటికి సుమారు 82 మందికి ఒక్కసారియైన జబ్బు మరల వచ్చినది. మందు మానినవారికి ఆ అపాయము దాదాపు ఐదు రెట్లు హెచ్చినది. తిరగబెట్టిన ప్రతిసారి చదువు వెనుకబడును, కొలువు పోవును, పెండ్లి సంబంధము చెడును, ఊరి నమ్మకము సడలును. కనుక మొదటిసారి నయము చేయుట ఎంత ముఖ్యమో, రెండవసారి రాకుండ కాచుకొనుట అంత ముఖ్యము.

కలువాయి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్ట పల్లెలలో ఈ కథ నడచు తీరు ఇంచుమించు ఒక్కటే. 1953 వరకు నెల్లూరు మండలము చెన్నరాష్ట్రములో నుండెను. 1794 నాటి మూలముగల కీల్పాకు ఆసుపత్రి పేరు అందువలననే మన పెద్దల నోట నిలిచియున్నది. తరువాత వేలూరు, బెంగుళూరు తోడైనవి. ఇరువదియేండ్లు దాటిన కుఱ్ఱవాడు నిమ్మతోటలో పని చేయుచునో, పట్నమున చదువుకొనుచునో జబ్బుపడును. తండ్రి అప్పుచేసి బెంగుళూరు తీసికొనిపోవును. రెండు మాసములలో కుదురుపడును. మూడవ మాసమున మాత్రలు తెచ్చుటకు బస్సు ఖర్చులు, పోయిన దినముల కూలి, ఆసుపత్రిలో వరుసలు ఇవన్నియు లెక్కకు వచ్చును. "బాగానే ఉన్నాడు గదా, ఇంకెందుకు మందులు?" అని ఇంటికి వచ్చిన చుట్టము అనును. మాత్రలు ఆగును. కొంత కాలము ఏమియు కాదు. పిమ్మట ఒకనాటి రాత్రి కుఱ్ఱవాడు లేచి తలుపు గడియ రెండుసార్లు చూచును. తల్లి కనిపెట్టును గాని పైకి చెప్పదు. చెప్పినను వినువారు లేరు. నెల తిరుగునప్పటికి నలుగురు పట్టుకొని జీపు ఎక్కింపవలసివచ్చును. ఆడబిడ్డ విషయమున ఈ కష్టము రెట్టింపు. ఆమెను మందులతోగాక మూటతో పుట్టింటికి పంపుదురు.

ఆ తల్లి చూచిన గడియ సంగతియే ఈ ప్రసంగమునకు కేంద్రము.

చరకసంహిత నిదానస్థానమున వ్యాధిని తెలిసికొను మార్గములు ఐదు చెప్పబడినవి: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. వీనిలో పూర్వరూపమనగా వ్యాధి పూర్తిగా బయటపడక మునుపు కనబడు చిహ్నము. అదే స్థానమున ఉన్మాదమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. తల శూన్యమైనట్లుండుట, చూపు చలించుట, చెవులలో హోరు, అన్నముపై విముఖత మొదలగువానిని అచట పూర్వరూపములుగా లెక్కించిరి. ఆ కాలపు సిద్ధాంతములన్నిటిని నేడు అంగీకరింపనక్కరలేదు. కాని ఉన్మాదము పిడుగువలె పడునది కాదు, ముందుగా అడుగుల చప్పుడు వినిపించి వచ్చును అను తెలివి మన దేశమున ఎంత ప్రాచీనమో దీనివలన తెలియును.

ఆధునికులు ఈ విషయమును రోగులనే అడిగి తెలిసికొనిరి. 1980 లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, జబ్బు మరల వచ్చుటకు ముందు ఏదో మార్పును తాము గుర్తించితిమని రోగులలో నూటికి సుమారు 70 మంది, కుటుంబీకులలో నూటికి 93 మంది చెప్పిరి. నిద్ర తగ్గుట, ఆకలి మందగించుట, కారణము లేని బెదురు, చేయు పనిపై దృష్టి నిలువకుండుట, నలుగురిలోనికి రాకుండుట ఇవి తరచుగా చెప్పిన గుర్తులు. 1989 లో ఇంగ్లండు దేశమందలి బర్మింగ్‌హాములో మాక్స్ బర్చ్‌వుడ్ అను మనస్తత్వవేత్తయు, ఆయన సహచరులును ఈ గుర్తులను కొలుచు పట్టిక నొకదానిని ప్రకటించిరి. ఏ యిద్దరి వ్రేలిముద్రలు ఒకటి కానట్లే, ఏ యిద్దరు రోగుల ముందు గుర్తుల వరుస ఒకటి కాదని ఈ మార్గమున కృషిచేసినవారు గ్రహించిరి. ఒకనికి మొదట నిద్ర పోవును. మరియొకనికి భక్తి హఠాత్తుగా మితిమీరును. ఇంకొకతె తల దువ్వుకొనుట మానును. కనుక ఎవరి గుర్తులు వారికి తెలిసియుండవలెను.

తెలిసియుండుట ఒకటి, దినదినము గమనించి వ్రాసియుంచుట ఒకటి. గ్రామ లెక్కల సంగతి ఎరిగినవారికి ఈ భేదము విప్పి చెప్పనక్కరలేదు. ఏనాటి జమ, ఏనాటి ఖర్చు ఆనాడే చిట్టాకు ఎక్కవలెను. చిట్టా నుండి ఆవర్జా పుట్టును. నెల గడచిన పిమ్మట జ్ఞాపకముమీద వ్రాసిన లెక్క లెక్క కాదు, కథ. రోగిని మూడు నెలలకొకసారి చూచు వైద్యుడు "ఎట్లున్నావు?" అని అడుగును. "బాగుంది" అని జవాబు. ఆ ఒక్క మాటలో తొంబది దినములు, తొంబది రాత్రులు కరగిపోవును. ఈ లోపమును పూరించుటకై మనస్సునకొక చిట్టా ఏర్పరచుటయే, స్వీయ పరిశీలన సాధనములను పేరున నేడు లోకమున జరుగుచున్న యత్నము.

మొదట ఈ చిట్టా కాగితముపై నుండెను. పిమ్మట ఫోనులోనికి వచ్చెను. చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో ఫిలిప్ ష్పానియెల్ అను వైద్యుడును, ఆయన సహచరులును "ఐటారెప్స్" అను పద్ధతిని నెలకొల్పిరి. దానికి ఖరీదైన ఫోను అక్కరలేదు. వారమునకొకసారి రోగికి ఒక సంక్షిప్త సందేశము వచ్చును. ఇంటివారిలో ఒకరికి వేరుగా మరియొకటి వచ్చును. పది ప్రశ్నలకు అంకెలతో జవాబీయవలెను. అంకెల మొత్తము హద్దు దాటినచో వైద్యునకు హెచ్చరిక చేరును. రోగి లెక్క, ఇంటివారి లెక్క వేరువేరుగా తీసికొనుట ఇందలి మెలకువ. ఒకరికి తోచనిది రెండవవారికి తోచును.

ఈ పద్ధతిని శ్రద్ధగా పరీక్షించి 2012 లో ఫలితములు ప్రకటించిరి. ఆసుపత్రిలో చేరుట తగ్గినదా యని మొత్తము మీద చూడగా, సందేశములు పొందినవారికిని పొందనివారికిని భేదము తేలలేదు. కారణము విచారింపగా, హెచ్చరికలు వచ్చినను పెక్కుమంది వైద్యులు వెంటనే మందు సవరింపలేదని తెలిసినది. హెచ్చరిక అందిన వెంటనే సవరించినచోట మాత్రము ఫలము గొప్పగా నుండెను. చెరువు కట్టకు బుంగ పడినదని నీరుకట్టువాడు కేక వేసినను, పార పట్టుకొని వచ్చువాడు లేకున్నచో ఆ కేకవలన కట్ట నిలుచునా? ఈ ఒక్క పాఠమును మరువక యున్న, తక్కిన సంగతులన్నియు దానివెంట వచ్చును.

తరువాత స్మార్ట్‌ఫోనులు వచ్చినవి. స్కాట్లాండులోని గ్లాస్గో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరములలో "ఎంపవర్" అను పేర 73 మంది రోగులతో జరిపిన ప్రయత్నమును 2022 లో ప్రకటించిరి. యాప్ ఇచ్చిన వారిని ఫోను ప్రతిదినము కొన్ని ప్రశ్నలడుగును. మొదటి నాలుగు వారములలో ఆ మనిషి మామూలు తీరు ఎట్టిదో అది తెలిసికొనును. పిమ్మట ఆ తీరునుండి తొలగినప్పుడే గమనింపజేయును. అనగా పొరుగువానితో పోల్చుటలేదు. నిన్నటి తనతో నేటి తన్ను పోల్చుచున్నది. అదే వ్యాధిని అనుభవించి తేరుకొన్న మనుష్యులను తోడుగా ఏర్పరచి, వారిచేత రోగులతో మాటాడించిరి. జబ్బు మరల వచ్చునేమో యను భయము ఆ వర్గములో తగ్గినట్లు కనబడినది. ఈ భయము స్వల్పమైనది కాదు. దానివలననే కొందరు చిన్న మార్పును కూడ దాచుదురు.

మన సమీపమందలి బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థయు, భోపాలు నగరమును, అమెరికాలోని బోస్టను నగరమును కలిసి మరియొక యత్నము చేసినవి. దానికి వాడిన యాప్ పేరు "మైండ్‌ల్యాంప్", అనగా మనోదీపము. ఇందు ప్రశ్నలకు జవాబులే గాక, ఫోను తనంతట తాను గమనించు సంగతులును కలవు: మనిషి ఎంత దూరము తిరిగినాడు, ఎంత కదలినాడు, ఏ వేళ ఫోను తెర వెలిగినది. అర్ధరాత్రి తెర వెలుగుచునే యున్న నిద్ర లేదని ఊహింపవచ్చును. పది దినములు ఇల్లు కదలకున్న ఒంటరితనము ముదిరినదని ఊహింపవచ్చును. 2023 లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, తిరగబెట్టుటకు ముందరి మాసమున ఇట్టి వింత మార్పులు మామూలు కాలముకంటె 2.12 రెట్లు అధికముగా కనబడినవి. ప్రశ్నల జవాబులను మాత్రమే నమ్ముకొనుటకంటె, ఫోను గమనించిన వానిని కూడ చేర్చినప్పుడు ముందుచూపు మెరుగైనది. అయితే ఇది గడచిన సమాచారమును పిమ్మట లెక్కవేసి తేల్చిన ఫలితము. రేపు ఎవరికి ఏమగునో చెప్పు జాతకము కాదు.

ఈ సాధనములు మెట్ట పల్లెకు వచ్చునపుడు ఎదురగు చిక్కులను ఇక విచారింపవలెను.

మొదటిది, ఫోను ఎవరిది? చాల ఇండ్లలో ఒకే మంచి ఫోను ఉండును. పగలు తండ్రి జేబులో, సాయంకాలము చెల్లెలి చదువునకు, రాత్రి తమ్ముని చేతిలో అది తిరుగును. అట్టి ఫోను తెర అర్ధరాత్రి వెలిగినచో మేలుకొన్నది రోగియా, తమ్ముడా? కోడలి ఫోను మగని చేతిలో నుండినచో ఆమె మనసులోని మాట దానికి చెప్పునా? వెలిగొండల నీడనున్న పల్లెలలో సిగ్నలు అందదు. రీచార్జి అయిపోయిన దినము జవాబు ఉండదు.

రెండవది, పల్లె జీవితమునకు తన లెక్క తనకున్నది. నిమ్మచెట్లకు రాత్రివేళ నీరు కట్టవలసివచ్చినవాడు తెల్లవార్లు మేలుకొనును. కోతల కాలమున ఒకడు ఐదు మైళ్లు నడచును. వాన పట్టిన వారమున అరుగు దిగడు. గొర్రెల మందతో వలసపోయినవాడు నెలల తరబడి ఊరిలో నుండడు. నగరమున తయారైన యాప్ ఈ మార్పులన్నిటిని వ్యాధి గుర్తులని భ్రమపడవచ్చును. కావున ఋతువును, పనిని ఎరిగిన మనిషి ఆ లెక్కను సరిచూడవలెను. రాత్రి మేలుకొనుట పనివలన జరిగినదా, నిద్ర రాక జరిగినదా యని అడుగు ప్రశ్న ఒకటి చేర్చినచో సగము పొరపాటు తప్పును. వ్యాధికి నిద్రలేమి కీడు గనుక, అట్టివానిచేత రాత్రి కావలి చేయింపకుండుట ఇంకను మేలు.

మూడవది మిక్కిలి సున్నితమైనది. ఎవరో తన్ను కనిపెట్టుచున్నారను భయమే ఈ వ్యాధికి ఒక లక్షణము. అట్టి మనిషి జేబులో, అతడు ఎచటికి పోయినది వ్రాసికొను యంత్రమును పెట్టుట ఎంత జాగ్రత్తతో చేయవలసిన పని! చెప్పక పెట్టినచో అది మోసము. అతని భయమును నిజము చేసినట్లగును. ఏమి వ్రాసికొనబడును, ఆ వ్రాత ఎచటికి పోవును, ఎవరు చూతురు, వలదన్నచో ఎట్లు ఆపవచ్చును అను నాలుగు సంగతులు నెమ్మదిగానున్న కాలముననే అతనికి తెలిపి సమ్మతి గైకొనవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి సమాచారమును గోప్యముగా నుంచుట అతని హక్కని చెప్పుచున్నది. మరల జబ్బుపడినయెడల తనకు ఎట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో ముందుగానే వ్రాసియుంచుటకును, తన తరపున మాటాడువారిని తానే నియమించుకొనుటకును ఆ చట్టము వీలు కల్పించినది. మనస్సునకు చిట్టా పెట్టువారు ఈ వ్రాతను కూడ దానితో జతచేసికొనుట యుక్తము.

నాల్గవది ఇంటి మాటతీరు. లండనులో జార్జి బ్రౌన్ మొదలగువారు 1972 లో ప్రకటించిన పరిశోధనలో ఒక విచిత్రము బయటపడినది. సణుగుడు, ఎత్తిపొడుపు, మితిమీరిన ఆరాటము కల యిండ్లకు తిరిగిపోయిన రోగులలో తొమ్మిది మాసములలో నూటికి 58 మందికి జబ్బు తిరగబెట్టగా, నెమ్మది గల యిండ్లలో 16 మందికే తిరగబెట్టినది. చండీగఢ్ ప్రాంతమున జరిపి 1987 లో ప్రకటించిన పరిశీలనలో, మన దేశపు కుటుంబములలో ఇట్టి ఎత్తిపొడుపు లండనుకంటె తక్కువయని తేలినది. ఇది మనకున్న ధనము. దీనిని ఫోను పేరిట పోగొట్టుకొనరాదు. "ఈ రోజు ఫోనుకు ఎందుకు జవాబు చెప్పలేదు? మళ్లీ మొదలైందా?" అని గద్దించు తండ్రి, ఏ జబ్బును ఆపదలచెనో దానినే పిలుచుచున్నాడు. "ఏం నాయనా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అన్నము వడ్డించుచు అడుగు తల్లి, యాప్ అడుగు ప్రశ్ననే అడుగుచున్నది. తేడా అంతయు గొంతులో నున్నది.

ఐదవది ప్రాగ్ నగరము నేర్పిన పాఠము. చిట్టా వ్రాసిన చాలదు, దానిని చూచి పలుకువారుండవలెను. పూర్వము ఏటేట జరుగు జమాబందిలో ఊరి లెక్కలు అధికారి యెదుట తనిఖీ అయ్యెడివి. తనిఖీ యున్నదను ఎరుకవలననే అడంగలు సరిగా నుండెడిది. మనోవ్యాధి విషయమున ఆ చూచువారెవరు? దేశమున 1982 లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము, 1996 లో జిల్లా కార్యక్రమము ఆరంభమైనవి. అయినను మానసిక వైద్యులు నేటికిని పట్టణములలోనే యున్నారు. 2022 అక్టోబరు 10 న ప్రారంభమైన "టెలి మానస్" సేవ ఈ దూరమును కొంత తగ్గించినది. 14416 అను అంకెకు ఏ ఫోనునుండియైనను పగలు రాత్రి అనక పిలిచి, తెలుగుననే మాటాడవచ్చును, రుసుము లేదు. స్మార్ట్‌ఫోను లేనివారికిని ఇది అందును. గుర్తులు కనబడినప్పుడు మందును తమంతట తాము హెచ్చింపక, మానక, ఈ అంకెకో, చికిత్స చేయు వైద్యునకో తెలుపుట మొదటి పని.

దేవస్థానముల, దర్గాల మాట విడుచుట న్యాయము కాదు. ఆత్మకూరు సమీపమందలి అనుమసముద్రంపేట దర్గాకు కులమత భేదము లేక మనోవ్యాధిగ్రస్తులను తీసికొనివచ్చుట చిరకాలపు ఆచారము. అచటికి వచ్చిన తల్లిదండ్రుల కన్నీటిని పరిహసించుట చదువుకొన్నవారికి తగదు. వారికి ఆసుపత్రి ఈయని ఓదార్పు అచట దొరకుచున్నది. గుజరాతులోని ఉనావా దర్గాలో 2008 నుండి "దవా, దువా" అను పేర మందును, ప్రార్థనను ఒకేచోట అందించు ఏర్పాటు నడచినది. ప్రార్థన మానుమనలేదు, మాత్రను కూడ వేసికొమ్మనిరి. అట్టి మార్గము ఎచటనైనను అనుసరింపదగినది. సంకెల మాత్రము ఎన్నడును కూడదు. 2001 ఆగస్టు 6 న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు రేగినపుడు, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది రోగులు తప్పించుకొనలేక ప్రాణములు విడిచిరి. 2017 నాటి చట్టము సంకెల వేయుటను నిషేధించినది. ముందు గుర్తులను సకాలమున పట్టినచో సంకెల ప్రసక్తియే రాదు. ఈ సాధనముల పరమార్థము అదియే.

ఇక చేయదగినది. యాప్ వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. అణాల నాటి వంద పుటల పుస్తకమును నేటికిని అంగడిలో దొరకును. రోగి నెమ్మదిగా నున్నప్పుడు, ఇంటివారిలో తాను నమ్మినవారితో కూర్చుండి, గతమున జబ్బు రాకముందు ఏమేమి జరిగెనో జ్ఞాపకము చేసికొని, తన సొంత గుర్తులను ఐదారింటిని తన మాటలలోనే వ్రాసికొనవలెను. "మాటాడుచున్నవారు నన్ను గూర్చియే అనుకొనుచున్నారని తోచుట" అని ఒకరు వ్రాయవచ్చును. "పాటలు వినబుద్ధి కాకుండుట" అని మరియొకరు వ్రాయవచ్చును. ప్రతిదినము పడుకొనుటకు ముందు నిద్ర, ఆకలి, మాత్ర, ఆ గుర్తులు వీనికి ఎదురుగా సున్న మొదలు మూడు వరకు ఒక అంకె వేసిన చాలును. రెండు నిమిషముల పని. వ్రాయబుద్ధికాని దినము ఖాళీగా నుంచవచ్చును. వరుసగా నాలుగు ఖాళీలు పడినచో అదియు ఒక లెక్కయే. ఏ అంకె దాటిన ఎవరికి చెప్పవలెనో, ఎవరు ఎచటికి తీసికొనిపోవలెనో పుస్తకపు మొదటి పుటలోనే వ్రాసియుండవలెను. వైద్యుని చూడబోవునపుడు ఆ పుస్తకము వెంట పోవలెను. ఈ అలవాటు కుదిరినవారికి ఫోను వచ్చినప్పుడు అది సేవకుడగును. అలవాటు లేనివారికి అది మరియొక అధికారి యగును.

మంచి దినములను కూడ వ్రాయుట మరువరాదు. చెడు గుర్తులనే వెదకువాడు వానినే కనుగొని బెదరును. "నేడు తోటకు పోయినాను, మేనల్లునితో ఆడుకొన్నాను" అను పంక్తులు నెలకు పది యున్నచో, ఆ మనిషి తన్ను రోగిగాగాక మనిషిగా చూచుకొనును. ప్రతిదినము చూచుకొనుటవలన బెంగ పెరుగువారు వారమునకొకసారి వ్రాసికొనవచ్చును. బొత్తిగా వలదనువారిని నిర్బంధింపరాదు. చిట్టా ఎవరి మనస్సుదో, దానిపై హక్కు వారిదే.

గ్రంథాలయము చేయదగిన సాయమును కలదు. టెలి మానస్ అంకెను వాకిట గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. ఈ వ్యాధిని గూర్చి తెలుగున వచ్చిన మంచి పుస్తకములను, అడుగ నక్కరలేకుండ చేతికందు బల్లపై నుంచవచ్చును. ఫోనులో అక్షరములు చదువలేని తల్లులకు, అందలి ప్రశ్నల అర్థము చెప్పగల యువకులను యువతులను సిద్ధపరుపవచ్చును. వచ్చినవారి పేరు అడుగక, ఎవరికొరకని విచారింపక, తెలిసికొన్నదానిని గడప దాటనీయక సాయపడుట వారు నేర్వవలసిన మొదటి పాఠము. అన్నిటికంటె ముందు, "పిచ్చివాడు" అను మాట ఈ కప్పు క్రింద వినబడకుండ చేయవచ్చును. ఆ మాటకు వెరచియే తన మొదటి గుర్తును దాచుకొన్నవారు ఎందరో! దాచిన గుర్తును ఏ యంత్రమును పట్టలేదు.

పెన్నానది పొంగు సోమశిలకు చేరక మునుపే ఎగువనుండి కబురు వచ్చును గనుకనే గేట్లు సకాలమున ఎత్తుదురు. కబురు పంపువాడు, అందుకొనువాడు, గేటు ఎత్తువాడు ముగ్గురును మెలకువగా నుండవలెను. మనోవ్యాధి విషయమున కబురు పంపగలవాడు రోగియే. అందుకొనవలసినవారు ఇంటివారు, గేటు ఎత్తవలసినవారు వైద్యులు. ఊరు చేయవలసినది ఆ కబురునకు దారి విడుచుట.

ఇరువదియైదేండ్లుగా ఇందరికి చదువు చెప్పిన ఈ గ్రంథాలయము, రానున్న ఇరువదియైదేండ్లలో మూతపడిన వాకిళ్లలో కొన్నిటినైనను తెరిపించుగాక.